క్రాయ్‌డన్ నుంచి డార్విన్ దాకా - ఎమీ జాన్సన్ జీవితం

మన సంఘ సభ్యుల్లో కొడుకో కూతురో విదేశంలో లేని ఇల్లు ఈ రోజుల్లో తక్కువ. నెలవారీ సమావేశానికి వచ్చినవాళ్ళు కరువు భత్యం బకాయిల సంగతి, మోకాళ్ళ నొప్పుల సంగతి అయిపోయాక మాట్లాడుకునేది విమాన ప్రయాణాల గురించే. హైదరాబాదు నుంచి సింగపూర్‌కు సుమారు 3,300 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. అక్కడ విమానం మారి సిడ్నీకి వెళ్ళాలంటే మరో 6,300 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు. అంతసేపు కాళ్ళు ముడుచుకుని ఎలా కూర్చోవడమని బెంగపడేవాళ్ళే మనలో ఎక్కువ. ఆ సింగపూర్ మీదుగానే, ఆ ఆస్ట్రేలియాకే, పైకప్పు లేని చిన్న చెక్క విమానంలో ఒక్కతే కూర్చుని వెళ్ళిన 26 ఏళ్ళ యువతి ఒకరున్నారు. ఆమె పేరు ఎమీ జాన్సన్. సంవత్సరం 1930.

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నేను ఈమెను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈమె రాజవంశీకురాలు కాదు, కోటీశ్వరుని బిడ్డ అంతకన్నా కాదు. లండనులో ఒక న్యాయవాది ఆఫీసులో టైపు చేసుకుని బతికిన ఉద్యోగి. టైపు లోయరు, హయ్యరు పాసై గుమాస్తాలుగా చేరి, రిబ్బన్లు మార్చుకుంటూ, కార్బను కాగితాలు సర్దుకుంటూ సర్వీసు గడిపినవాళ్ళం మనలో ఎందరమో ఉన్నాం కనుక ఆమె కథ మనకు దగ్గరగానే తోస్తుంది.

ఎమీ జాన్సన్ 1903 జూలై 1న ఇంగ్లండు తూర్పు తీరంలోని హల్ అనే రేవు పట్టణంలో జన్మించారు. తండ్రి జాన్ విలియం జాన్సన్ చేపల వర్తకుడు. నలుగురు ఆడపిల్లల్లో ఈమె పెద్దది. ఊళ్ళోనే హైస్కూలు చదువు ముగించి, షెఫీల్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంతో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. ఆ కాలంలో వర్తకుల ఇంటి ఆడపిల్ల డిగ్రీ చదవడమే పెద్ద విశేషం. అయితే డిగ్రీ చేతికి వచ్చాక ఏం చేయాలన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆమె కూడా మన ఇళ్ళల్లోని పిల్లల మాదిరే షార్ట్‌హ్యాండు, టైపు నేర్చుకుని చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, చివరకు లండను చేరి న్యాయవాది ఆఫీసులో కుదురుకున్నారు. కొన్నేళ్ళుగా మనసులో పెట్టుకున్న వ్యక్తి మరొకరిని పెళ్ళి చేసుకోవడంతో ఆమె బాగా దెబ్బతిన్నారు. ఏదో ఒకటి చేయాలి, కాగితాల మధ్య ఇలా జీవితం వెళ్ళిపోకూడదు అన్న పట్టుదల అప్పుడే మొదలైందని ఆమె జీవితం రాసినవారు చాలామంది అంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

1928లో ఒక సెలవు రోజున ఆమె లండను శివార్లలోని స్టాగ్ లేన్ విమానాశ్రయం వైపు వెళ్ళి, అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో జీతంలో మిగిల్చిన డబ్బుతో పాఠాలకు చేరారు. మొదటి పాఠం చెప్పిన శిక్షకునికి ఆమెపై ఏమాత్రం నమ్మకం కలగలేదు. దిగేటప్పుడు విమానాన్ని నేలకు మెత్తగా ఆనించడం ఆమెకు చాలాకాలం పట్టుబడలేదు. ఆ లోపం పూర్తిగా ఎన్నడూ పోలేదని ఆ తర్వాతి ప్రయాణంలో మనకే తెలుస్తుంది. అయినా 1929లో పైలట్ లైసెన్సు సంపాదించారు. అంతటితో ఊరుకోలేదు. ఆఫీసుకు వెళ్ళక ముందు పొద్దున్నే, వచ్చాక సాయంత్రమూ షెడ్డులో మెకానిక్కుల పక్కన చేరి ఇంజన్లు విప్పడం, బిగించడం నేర్చుకున్నారు. జాక్ హంఫ్రీస్ అనే మెకానిక్కు ఆమెకు గురువు. చేతులకు గ్రీజు, ఒంటికి నూనె మరకల చొక్కా. అక్కడి మగవాళ్ళు మొదట నవ్వుకున్నారు, తరవాత తమలో ఒకరిగా చూసి జానీ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ సంవత్సరమే ఆమె గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు పొందిన మొదటి బ్రిటిష్ మహిళ అయ్యారు. దారిలో ఎక్కడ ఇంజను మొరాయించినా తానే సరిచేసుకోగలదన్నమాట. ఆ లైసెన్సే గనుక లేకపోతే ఆమె బాగ్దాదు కూడా దాటి ఉండేది కాదని నా అభిప్రాయం.

అదే 1929లో ఆమె చెల్లెలు ఐరీన్ తన ప్రాణం తానే తీసుకుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసే కొన్నేళ్ళ క్రితం హల్‌లో టికెట్టు కొనుక్కుని మొట్టమొదటిసారి విమానం ఎక్కారు. ఆ దుఃఖంలో ఉన్న తల్లిదండ్రులు పెద్దకూతురు ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరి వెళ్తానంటే ఏమని ఉంటారో మనలో ఆడపిల్లల తండ్రులు ఊహించుకోవచ్చు. కాశీకి పోయినవాడు కాటికి పోయినట్లే అనుకునే రోజులు మన తాతల నాడు ఉండేవి. విమానాల విషయంలో ఆనాటి ప్రపంచమంతా అలాగే అనుకునేది. అయినప్పటికీ ఆ తండ్రి కాదనలేదు సరికదా, విమానం కొనడానికి సగం డబ్బు తానే ఇచ్చాడు.

మిగతా సగానికి ఆమె చేసిన పని మన గుమాస్తా బుద్ధికి బాగా నచ్చుతుంది. ఉత్తరాలు రాశారు. ఒకటి కాదు, రెండు కాదు, పెద్దవాళ్ళందరికీ రాశారు. చాలామంది జవాబే ఇవ్వలేదు. చివరకు బ్రిటిష్ పౌర విమానయాన శాఖ డైరెక్టరు సర్ సెఫ్టన్ బ్రాంకర్ ఆమె విజ్ఞప్తిని పట్టించుకుని, నూనెల కంపెనీ అధిపతి లార్డ్ వేక్‌ఫీల్డ్‌కు సిఫారసు చేశారు. ఆయన మిగతా సొమ్ము ఇచ్చి, దారి పొడుగునా పెట్రోలు సిద్ధం చేయించారు. అలా 600 పౌండ్లకు ఒక వాడిన జిప్సీ మాత్ విమానం ఆమె సొంతమైంది. తండ్రి చేపల వ్యాపారపు ట్రేడ్‌మార్కు జేసన్. ఆ పేరే విమానానికీ పెట్టుకున్నారు.

ఆ జేసన్ ఎలాంటిదో కొంచెం చెప్పాలి. చెక్క చట్రం, దానిపై బిగించిన గుడ్డ, రెండు అంతస్తుల రెక్కలు, నూరు అశ్వశక్తుల ఇంజను. వేగం గంటకు 85 మైళ్ళు, అంటే సుమారు 135 కిలోమీటర్లు. మన ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో కొన్ని ఈ వేగానికి దగ్గరగా వస్తాయి. రేడియో లేదు. దారి చూసుకోవడానికి ఒక దిక్సూచి, ముక్కలుగా కత్తిరించి మడిచిన పటాలు. ఎక్కువ దూరం పోవాలి కనుక అదనపు పెట్రోలు ట్యాంకులు అమర్చారు. వాటిలోని పెట్రోలును ఎగురుతూనే చేతి పంపుతో పై ట్యాంకులోకి కొట్టుకోవాలి. ఆ వాసనకు కడుపులో తిప్పేది. ఇదంతా ఒక ఎత్తు, ఆమె అనుభవం మరో ఎత్తు. అంతవరకు ఆమె ఎగిరిన అతి పెద్ద దూరం లండను నుంచి తన ఊరు హల్‌కు, అదీ 150 మైళ్ళ లోపే. ఇప్పుడు వెళ్ళదలచుకున్నది 11,000 మైళ్ళు.

1930 మే 5వ తేదీ ఉదయం క్రాయ్‌డన్ విమానాశ్రయంలో ఆమెను సాగనంపడానికి వచ్చినవారు తండ్రి, ఇంకా కొద్దిమంది స్నేహితులు మాత్రమే. పత్రికలవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజుకు మన చరిత్రలోనూ స్థానముంది. ఆ తెల్లవారుజామునే గాంధీజీని ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టు చేశారు. ఆ రాత్రే బర్మాలో పెగూ భూకంపం వచ్చి వందలాది మంది చనిపోయారు. ఆమె తొమ్మిదో రోజున దిగబోయే రంగూన్ కూడా ఆ భూకంపంలో దెబ్బతిన్న ఊరే.

ఆమె లక్ష్యం రికార్డు. 1928లో ఆస్ట్రేలియా వాసి బెర్ట్ హింక్లర్ ఇదే దారిని ఒంటరిగా పదిహేనున్నర రోజుల్లో పూర్తిచేశాడు. దాన్ని దాటాలి. అందుకని ఆమె అందరూ వెళ్ళే దారి కాకుండా పటం మీద స్కేలు పెట్టి గీసినట్లు దగ్గరి దారి ఎంచుకున్నారు. మొదటి రోజు వియన్నా, రెండో రోజు కాన్‌స్టాంటినోపుల్, మూడో రోజు టారస్ కొండల మబ్బుల్లోంచి ఒక రైలు మార్గాన్ని పట్టుకుని ఎలాగో బయటపడి అలెప్పో. నాలుగో రోజు బాగ్దాదు దారిలో ఇసుక తుఫాను. ఏమీ కనబడక ఎడారిలోనే దిగిపోవలసి వచ్చింది. గాలి విమానాన్ని ఎత్తుకుపోకుండా చక్రాల వెనక సామాన్లు అడ్డం పెట్టి, ఇంజనులోకి ఇసుక పోకుండా గుడ్డ కప్పి, దూరాన కుక్కల అరుపులు వినబడుతుంటే పిస్తోలు చేతబట్టుకుని కూర్చున్నారు. గాలి తగ్గాక మళ్ళీ లేచి బాగ్దాదు చేరారు. మర్నాడు బందర్ అబ్బాస్. ఆరో రోజు, మే 10న, కరాచీ.

కరాచీలో దిగేసరికి ప్రపంచం ఒక్కసారి ఆమె వైపు తిరిగింది. ఎందుకంటే హింక్లర్‌కు ఇక్కడికి ఎనిమిది రోజులు పట్టింది. ఆమె రెండు రోజులు ముందున్నారు. అంతకు ముందు ఏడాది, 1929లో, బ్రిటిష్ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు మొదలుపెట్టిన లండను - కరాచీ విమాన తపాలాకు సైతం మధ్యలో కొంత దూరం రైల్లో వస్తూ ఏడు రోజులు పట్టేది. ఒక టైపిస్టు, సొంతంగా ఇంజను తుడుచుకుంటూ, తపాలా విమానం కన్నా ముందు వచ్చింది. అంతవరకు లోపలి పేజీలో నాలుగు పంక్తులు వేసిన లండను పత్రికలు ఆమె ఫొటోలను మొదటి పేజీకి తెచ్చాయి.

ఆ నెలలోనే కరాచీ మీదుగా మరికొందరు మనవాళ్ళు కూడా ఎగిరారు. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునికి ఆగాఖాన్ ప్రకటించిన బహుమతి కోసం పోటీ జరిగింది అప్పుడే. పదిహేడేళ్ళ ఆస్పీ ఇంజనీరు గెలిచాడు, జె.ఆర్.డి. టాటా కొద్ది గంటల తేడాతో వెనకబడ్డారు. దారిలో ఈజిప్టులో స్పార్కు ప్లగ్గులు లేక ఆగిపోయిన ఆస్పీకి తన వద్ద ఉన్నవి ఇచ్చింది టాటాగారే. ఆ ఆస్పీ ఇంజనీరే 1960లో మన వైమానిక దళాధిపతి అయ్యారు. ఇది పక్కదారి అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

కరాచీ నుంచి అలహాబాదు పోవలసిన ఎమీ, ఎదురుగాలితో పెట్రోలు అయిపోవచ్చి ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగారు. విమానం చెట్ల మధ్య నుంచి, మనుషుల మధ్య నుంచి దూసుకుపోయి ఒక బోర్డును ఢీకొని బారకాసుల దగ్గర ఆగింది. రెక్క దెబ్బతిన్నది. అక్కడి వడ్రంగి రాత్రికి రాత్రి దాన్ని సరిచేశాడు. ఆ వడ్రంగి లేకుంటే ఆమె మర్నాడు అలహాబాదు మీదుగా కలకత్తా చేరేవారు కాదు.

మే 13న రంగూన్. వాన కురుస్తోంది. దిగవలసింది గుర్రప్పందేల మైదానం. మబ్బుల కింద అది కనబడక, ఊరికి దూరంగా ఇన్సీన్‌లో ఉన్న ఇంజనీరింగు విద్యాలయపు ఫుట్‌బాల్ మైదానాన్ని అదేననుకుని దిగారు. విమానం గోలుపోస్టులు దాటి పక్కనున్న గుంటలో పడింది. ప్రొపెల్లరు విరిగింది, రెక్క చితికింది, చక్రం ఊడింది. విడి ప్రొపెల్లరు ఒకటి ఆమె వెంట తెచ్చుకున్నారు. మిగతాదంతా ఆ విద్యాలయం అధ్యాపకులు, విద్యార్థులు బాగుచేశారు. రెక్కకు గుడ్డ దొరక్కపోతే, మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన విమానపు గుడ్డతో కుట్టించుకున్న చొక్కాలు కొన్ని దొరికాయి. వాటినే విప్పి అతికించారు. విమానం గుడ్డ చొక్కా అయి, ఆ చొక్కా మళ్ళీ విమానమైంది. కానీ ఈ మరమ్మతుకు రెండు రోజులకు పైగా పోయింది. ముందున్న రెండు రోజులూ అక్కడే ఖర్చయిపోయాయి.

ఆనాటి రంగూన్‌లో తెలుగువాళ్ళు వేలాదిగా ఉండేవారని మన పెద్దల నోట విన్నాం. రేవులో మూటలు మోసే కూలీల్లో అత్యధికులు కోరంగి, కాకినాడ, విశాఖ ప్రాంతాల నుంచి ఓడెక్కి పోయినవారే. అక్కడ వాళ్ళను కోరంగీలనే పిలిచేవారు. ఆ మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మెలో ఉన్నారు. ఎమీ వెళ్ళిపోయిన పది రోజులకు, మే 26న, బర్మా కూలీలకూ మనవాళ్ళకూ మధ్య ఘోరమైన అల్లర్లు చెలరేగి ఎందరో తెలుగువాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విమానం మీద రంగూన్ మూడు రోజుల దూరమో ఎనిమిది రోజుల దూరమో గాని, ఆ వార్త మన పల్లెలకు చేరడానికి ఓడ రావలసిందే.

అక్కడ నుంచి బ్యాంకాక్, సింగోరా, మే 18న సింగపూర్. ఇప్పుడు మనవాళ్ళు విమానం మారే సింగపూర్ ఆమెకు పద్నాలుగో రోజున వచ్చింది. ఆ తర్వాత జావాలో దారి తప్పి ఒక చెరకు తోటల ఎస్టేటులో దిగితే, ఇల్లు కట్టడానికి పాతిన వెదురు కర్రలు రెక్కల్లో దిగబడ్డాయి. ఆ చిల్లులకు మందుల డబ్బాలోని గాయాల ప్లాస్టరు అతికించుకుని బయలుదేరారు. ఇంకొన్నాళ్ళకు తైమూర్ దీవిలో చీకటి పడే వేళకు చేరవలసిన చోటు కనబడక చీమల పుట్టల మధ్య పచ్చికలో దిగిపోయారు. ఆ రాత్రి ఆమె ఆచూకీ తెలియక పత్రికలు గల్లంతయ్యారని రాశాయి. హల్‌లో తల్లిదండ్రులు ఆ రాత్రి ఎలా గడిపారో ఎవరూ రాయలేదు.

మే 24న ఆఖరి మజిలీ. తైమూర్ సముద్రం మీద సుమారు 500 మైళ్ళు, కింద నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఒకే ఇంజను, అదీ ఇరవై రోజులుగా తిండీ నిద్రా లేని ఇంజను. సగం దూరంలో ఒక చమురు ఓడ కనబడింది. దారి సరైనదేనని ధైర్యం వచ్చింది, ఓడవాళ్ళు డార్విన్‌కు వైర్‌లెస్ వార్త పంపారు. ఆ మధ్యాహ్నం ఆమె డార్విన్‌లో దిగారు. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరి వచ్చిన మొదటి మహిళ. హింక్లర్ రికార్డు మాత్రం దక్కలేదు. ప్రపంచమంతా పూలదండలతో ఎదురుచూస్తుంటే ఆమె మాత్రం నాలుగు రోజులు ఆలస్యమయ్యానని చిన్నబుచ్చుకున్నారు.

ఇక్కడ లెక్కల మనిషిగా ఒక మాట. ఈ ప్రయాణం పందొమ్మిదిన్నర రోజులని అన్నిచోట్లా రాస్తారు. అది ఊరి గడియారాల లెక్క. బయలుదేరింది లండను గడియారం ప్రకారం పొద్దున, దిగింది డార్విన్ గడియారం ప్రకారం మధ్యాహ్నం. ఇంగ్లండు వేసవి గడియారం కంటే డార్విన్ గడియారం ఎనిమిదిన్నర గంటలు ముందుంటుంది. అది తీసేస్తే నిజంగా గడిచిన కాలం ఇంచుమించు 19 రోజులు, అంటే 456 గంటలు. అందులో గాల్లో ఉన్నదెంత? 11,000 మైళ్ళను గంటకు 85 మైళ్ళతో భాగిస్తే సుమారు 130 గంటలు. మిగిలిన 320 గంటలకు పైగా నేల మీదనే గడిచాయి. మరమ్మతులు, ఇంజను శుభ్రం చేయడం, పెట్రోలు వడపోసి నింపడం, రోజుకు మూడు నాలుగు గంటల నిద్ర, వానకు ఆగడం. టూరు డైరీలు రాసిన వారికి తెలుసు, ప్రయాణం కన్నా హాల్టే ఎక్కువ కాలం తింటుందని.

దూరంలో కూడా ఇలాంటి తిరకాసే ఉంది. ఆమెకు 11,000 మైళ్ళు, అంటే 17,700 కిలోమీటర్లు. ఇప్పటి లెక్కలో లండను - డార్విన్ దూరం 13,900 కిలోమీటర్ల లోపే. ఊళ్ళు జరగలేదు గదా! గోళం మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగితే వచ్చే దూరమే అతి తక్కువ దూరం. గోడ మీది పటంలో అది విల్లులా వంగి కనబడుతుంది గాని గోళం మీద అదే తిన్నని దారి. ప్రయాణ భత్యం బిల్లులో అతి దగ్గరి దారికే డబ్బు మంజూరు చేసే నిబంధన మనకుండేది. ఆ నిబంధన ప్రకారమైతే ఎమీ బిల్లులో 3,800 కిలోమీటర్లు కోసేసేవారు. కానీ ఒక్క దూకులో కొన్ని వందల మైళ్ళకు మించి పోలేని విమానానికి పెట్రోలు ఉన్న ఊళ్ళ మీదుగానే దారి. ఇప్పటికీ అంతే. మధ్యలో ఎక్కడ ఆగాలి, ఏ దేశం ఆకాశం మూసి ఉంది, గాలి ఎటు వీస్తోంది అన్నవే టికెట్టు మీది గంటలను తేలుస్తాయి.

ఆస్ట్రేలియాలో ఆమెకు జరిగిన ఘనత ఇంతా అంతా కాదు. బ్రిస్బేన్‌లో దిగుతూ విమానం పల్టీ కొట్టింది. మనిషికి దెబ్బ తగల్లేదు. అక్కడి నుంచి సిడ్నీకి ఆమెను ప్రయాణికురాలిగా తీసుకుపోయిన విమానంలో జిమ్ మాలిసన్ అనే పైలట్ ఉన్నాడు. అతని సంగతి తరవాత వస్తుంది. ఆగస్టులో తిరిగివచ్చేసరికి క్రాయ్‌డన్ నుంచి లండను దాకా దారి పొడుగునా లక్షలాది జనం. మూడు నెలల క్రితం పిడికెడు మంది సాగనంపిన చోటే. రాజుగారు సి.బి.ఇ. బిరుదు ఇచ్చారు. డెయిలీ మెయిల్ పత్రిక పదివేల పౌండ్లు ఇచ్చి, దేశమంతా తిరిగి కనబడాలని, మాట్లాడాలని ఒప్పందం చేసుకుంది. ఎడారిలో నిలబడిన మనిషి ఈ సన్మానాలకు నిలబడలేకపోయారు. కొద్ది రోజులకే మనసూ శరీరమూ అలిసిపోయి ఆ పర్యటనను మధ్యలోనే వదిలేశారు. ఆమెకు సాయం చేసిన సర్ సెఫ్టన్ బ్రాంకర్ ఆ అక్టోబరులోనే ఆర్-101 అనే గాలి ఓడ ప్రమాదంలో, మన దేశానికి వస్తూ దారిలో, మరణించారు.

తర్వాతి పదేళ్ళను త్వరగా చెబుతాను. 1931లో తన గురువు జాక్ హంఫ్రీస్‌ను వెంటబెట్టుకుని ఒక్క రోజులో లండను నుంచి మాస్కో, అక్కడ నుంచి సైబీరియా మీదుగా టోక్యో చేరారు. 1932లో జిమ్ మాలిసన్‌ను పెళ్ళాడారు. ఆ నవంబరులోనే ఇంగ్లండు నుంచి కేప్‌టౌన్‌కు భర్త పెట్టిన రికార్డును పది గంటలకు పైగా తగ్గించారు. ఇంట్లో ఇది ఎలా సాగిందో ఊహించుకోవలసిందే. 1933లో దంపతులిద్దరూ కలిసి వేల్స్ నుంచి న్యూయార్క్‌కు బయలుదేరారు. పడమరకు పోయే విమానానికి అట్లాంటిక్ మీద ఎప్పుడూ ఎదురుగాలే. 39 గంటల తర్వాత, న్యూయార్క్‌కు అరవై మైళ్ళ లోపు దూరంలో, పెట్రోలు అయిపోవచ్చి బ్రిడ్జ్‌పోర్ట్ వద్ద కూలారు. ఇద్దరికీ గాయాలయ్యాయి. విమానాన్ని వేడుక చూడవచ్చిన జనం జ్ఞాపకార్థమంటూ ముక్కలు ముక్కలుగా పట్టుకుపోయారు.

1934లో ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్‌కు పందెం జరిగింది. భార్యాభర్తలు కరాచీ దాకా అందరికన్నా ముందు వచ్చి, అలహాబాదులో ఇంజను చెడి ఆగిపోయారు. గెలిచిన జంట 11,300 మైళ్ళను 71 గంటల్లో చేరింది. నాలుగేళ్ళ క్రితం 19 రోజులు, ఇప్పుడు మూడు రోజులకు తక్కువ! 1936లో ఎమీ మరోమారు కేప్‌టౌన్ రికార్డు సాధించారు. అదే ఆమె చివరి రికార్డు. ఆకాశంలో ఒంటరి సాహసాల కాలం అప్పటికే వెళ్ళిపోతున్నది. టికెట్టు కొనుక్కున్న ప్రయాణికులు కూర్చునే పెద్ద విమానాలు వచ్చేశాయి. తాగుడు, తగాదాల మధ్య నలిగిన సంసారం 1938లో విడాకులతో ముగిసింది. ఆమె మళ్ళీ జాన్సన్ అయ్యారు. ప్రపంచమంతా తెలిసిన ఆ పైలట్ ఆ రోజుల్లో విమానయాన ఉద్యోగం కోసం దరఖాస్తులు పెట్టుకుంటూ తిరిగారు. చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది.

రెండో ప్రపంచయుద్ధం ఆమెకు మళ్ళీ పని ఇచ్చింది. 1940లో ఆమె విమానాల రవాణా సహాయక దళంలో చేరారు. ఫ్యాక్టరీల నుంచి, మరమ్మతు కేంద్రాల నుంచి యుద్ధ విమానాలను వైమానిక దళ స్థావరాలకు నడిపి అప్పగించడం ఆ దళం పని. చేసే పని ఒకటే అయినా స్త్రీలకు పురుషుల కన్నా 20 శాతం జీతం తక్కువ. 1943లో దాన్ని సమానం చేశారు. ఆమె ఆ ఉత్తర్వు చూడలేదు.

1941 జనవరి 5, ఆదివారం. ఆమె ఒక ఆక్స్‌ఫర్డ్ రకం విమానాన్ని బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కిడ్లింగ్‌టన్‌కు అప్పగించాలి. 150 మైళ్ళు. గంట, మహా అయితే గంటన్నర ప్రయాణం. వాతావరణం బాగోలేదు, అయినా మధ్యాహ్నానికి కొద్దిగా ముందు బయలుదేరారు. మబ్బుల పైన ఆమెకు ఏమైందో ఎవరికీ తెలియదు. మూడున్నర ప్రాంతంలో, వెళ్ళవలసిన చోటికి నూరు మైళ్ళ దూరంలో, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట హర్న్ బే తీరానికి అవతల ఒక పారాచూట్ దిగడం యుద్ధనౌకలవాళ్ళు చూశారు. మంచు కురుస్తోంది, అల పెద్దగా ఉంది. తాళ్ళు విసిరితే ఆమె పట్టుకోలేకపోయారు. హాస్లమియర్ అనే నౌక కెప్టెన్ వాల్టర్ ఫ్లెచర్ ఆ గడ్డకట్టే నీళ్ళలోకి దూకాడు. ఆమె దక్కలేదు, చలికి అతనూ చనిపోయాడు. ఆమెకు అప్పటికి 37 ఏళ్ళు. శవం దొరకలేదు. రహస్య పనిమీద వెళ్తున్నారని, విమానంలో ఇంకొకరు ఉన్నారని, తమ పక్షంవాళ్ళే పొరపాటున కాల్చారని రకరకాల కథలు తరవాత వచ్చాయి. ఏదీ తేలలేదు. నాకు మాత్రం మబ్బు, చలి, అయిపోయిన పెట్రోలు చాలు కారణాలుగా కనిపిస్తాయి. మృతదేహం దొరకని వైమానికుల పేర్లు చెక్కిన రన్నీమీడ్ స్మారకం మీద ఆమె పేరు ఉంది.

ఆమె వెళ్ళిన దారి ఏమైందంటే, 1947 డిసెంబరులో సిడ్నీ - లండను మధ్య క్వాంటాస్ వారి సర్వీసు మొదలైంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరోల మీదుగా నాలుగు రోజులు, అందులో గాల్లో సుమారు 55 గంటలు. ఊళ్ళ పేర్లు చూడండి, దాదాపు ఎమీ దిగినవే. 2018 మార్చిలో పెర్త్ నుంచి లండనుకు ఎక్కడా ఆగకుండా 14,500 కిలోమీటర్ల సర్వీసు పెట్టారు, సుమారు 17 గంటలు. కరోనా ఆంక్షల మూలంగా 2021 నవంబరు నుంచి కొన్ని నెలల పాటు ఆ విమానాన్ని పెర్త్‌కు బదులు డార్విన్ నుంచి నడిపారు. అలా ఎమీ జాన్సన్ దిగిన ఊరికీ లండనుకూ మధ్య జనం 17 గంటల్లో, భోజనం చేసి దుప్పటి కప్పుకుని, రాకపోకలు సాగించారు.

క్రాయ్‌డన్ విమానాశ్రయం 1959లో మూతబడింది. జేసన్ మాత్రం ఉంది. లండనులో సౌత్ కెన్సింగ్టన్‌లోని సైన్స్ మ్యూజియంలో పైకప్పు నుంచి వేలాడదీసి ఉంచారు. పిల్లల దగ్గరకు లండను వెళ్ళే మన సభ్యులు తీరిక చేసుకుని చూడవచ్చు. ప్రవేశానికి రుసుము లేదు.